‘గ్రాండ్’ అంటే పర్నేదు

ఐర్లాండ్ వాతావరణ శాఖ లెక్కలో వరసగా ఐదు రోజులు 25 డిగ్రీలు దాటితే దాని పేరు వడగాలి. శ్రీకాకుళంలో 25 డిగ్రీలంటే ట్రంకుపెట్టె అడుగునున్న మంకీ క్యాపు పైకి తీసే రోజు. ఈ ముక్క ముందే చెప్పి ఉంటే నాలుగు లాల్చీలు తగ్గించి రెండు దుప్పట్లు పెట్టుకునేవాణ్ణి. మా అమ్మాయి చెప్పలేదు. "సమ్మరే నాన్నా" అని ఊరుకుంది. రోహిణి కార్తెలో రోళ్ళని వాటి మానాన పగలమని వదిలేసి, నేనూ మా ఆవిడా క్లేర్ కౌంటీలో మా అమ్మాయి ఉండే ఎన్నిస్ అనే ఊళ్ళో దిగాం. దిగేసరికి పదిహేడు డిగ్రీలు. జనం చొక్కాలు విప్పి పచ్చిక మీద పడుకుని ఉన్నారు. మా ఆవిడ శాలువా తలకి చుట్టుకుని, "ఏటయిందండీ వీళ్ళకి?" అంది.

ఆ దేశంలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 33.3 డిగ్రీలు. అదీ 1887లో, కిల్కెన్నీలో. ఇన్నేళ్ళయినా ఆ రికార్డు చెక్కుచెదరలేదు. ఆమాత్రం ఎండ మా ఆమదాలవలస స్టేషన్లో పొద్దున్న తొమ్మిదింటికే టికెట్టు లేకుండా దిగిపోతుంది.

నిజానికి ఐర్లాండ్ పేరు మా ఇంట్లో కొత్త కాదు. మా నాన్న 1952లో మొదటి ఓటు వేసింది పాతపట్నం నియోజకవర్గంలో, వి.వి.గిరి గారికి. గిరి గారు 1913లో లా చదువుకని డబ్లిన్ వెళ్ళి, అక్కడి తిరుగుబాటుదారుల గాలి సోకి, 1916లో ఈస్టర్ తిరుగుబాటు అయ్యాక ‘ఇక దయచెయ్యండి’ అనిపించుకుని తిరిగొచ్చారు. "పొమ్మంటే వచ్చీసి ఊరుకున్నాడేటి? బొబ్బిలి రాజానే ఓడించీసినాడు!" అనేవాడు మా నాన్న, అందులో తన చెయ్యి కూడా ఉన్నట్టు. అది 1937 మాట. ఆ రాజావారు సామాన్యులు కాదు, మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానిగా చేసిన మనిషి. 1757లో బొబ్బిలి కోట కూల్చడానికి ఫ్రెంచి సేనాని బుస్సీకి ఫిరంగులు కావలసి వచ్చాయి. గిరి గారికి ఓటు డబ్బా సరిపోయింది. 1957లో అదే గిరి గారు పార్వతీపురంలో ఓడిపోయారు గానీ, ఆ ప్రస్తావన మా నాన్న ఎప్పుడూ తెచ్చేవాడు కాదు.

ఎన్నిస్ నడిబొడ్డున ఎత్తైన స్తంభం మీద డేనియల్ ఓకానెల్ నిలబడి ఉంటాడు. 1828లో క్లేర్ కౌంటీ చిన్న రైతులు, భూస్వాముల కళ్ళెదుటే వాళ్ళ మాట కాదని ఆయన్ని ఎన్నికల్లో గెలిపించారు. ఆ స్తంభం కింద నిలబడితే నాకు బొబ్బిలి గుర్తొచ్చింది. ఆ మాట మా అల్లుడితో అంటే, "మావయ్యగారూ, ముందు గొడుగు తెరవండి" అన్నాడు.

వాన సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. పడుతూనే ఉంటుంది. మనకి జల్లు, తుప్పర, ముసురు, కుండపోత అని పేర్లున్నట్టే వాళ్ళకీ ఉన్నాయి. తుప్పర పడుతూ పొగమంచు కమ్మితే ‘మెత్తటి రోజు, దేవుడి దయ’ అంటారు. మనకి వాన పైనుంచి పడుతుంది. అక్కడ అట్లాంటిక్ మీంచి అడ్డంగా వస్తుంది. గొడుగు తలకి కాకుండా పొట్టకి పట్టుకోవాలి.

అసలు చిక్కంతా ‘గ్రాండ్’ అనే మాటతో వచ్చింది. మనకి గ్రాండ్ అంటే పెళ్ళి. బ్యాండు మేళం, ఐదొందల మంది భోజనాలు, ఫ్లెక్సీలు. పక్కింటి పెద్దావిడని ఆరోగ్యం ఎలా ఉందమ్మా అంటే గ్రాండ్ అంది. మోకాళ్ళ నొప్పులతో కుంటుతూ అంది. కూర ఎలా ఉందంటే గ్రాండ్. రేపు కొళాయి రాదట అంటే అదీ గ్రాండే. వారం రోజులు ఆవిడ మహదానందంగా ఉందనుకుని నేను కుళ్ళుకున్నాను. ఎనిమిదో రోజు మా ఆవిడ తేల్చేసింది. "గ్రాండూ లేదు గీండూ లేదండీ. మన పర్నేదు అన్నమాట." అంతే. డిక్షనరీలు రాసేవాళ్ళు మా ఆవిడని ఓసారి కలిస్తే బాగుణ్ణు.

టీ దగ్గర మాత్రం మాకు ఏ అనువాదమూ అక్కర్లేకపోయింది. లండన్లో మా తోడల్లుడు ఓ ఇంటికెళ్ళి, మర్యాదకి టీ వద్దన్నాడట. వాళ్ళు సరేనన్నారట. ఆ దెబ్బ నుంచి ఆయన ఇంకా కోలుకోలేదు. ఐర్లాండ్‌లో ఆ భయం లేదు. పెద్దావిడ టీ తాగుతారా అంది. "అబ్బే, ఇప్పుడే తాగొచ్చాం" అన్నాను. అబద్ధమని ఆవిడకీ తెలుసు. "ఒక్క గుక్క" అంది. "మీకెందుకు శ్రమ" అన్నాను. అప్పటికే కెటిల్ మరుగుతోంది. మూడోసారి అడిగేసరికి మేం కుర్చీల్లో ఉన్నాం, మా ముందు కేకు ఉంది. నరసన్నపేటలో మా పెద్దప్ప ఇంట్లో సరిగ్గా ఇదే నాటకం, ఇవే మూడు అంకాలు. కేకు బదులు చేగోడీలు, అంతే తేడా.

అడిగే ప్రశ్నలూ అవే. ‘ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏ మర్ఫీలు?’ ఒకే పేటలో నాలుగు మర్ఫీ కుటుంబాలుంటే వాళ్ళ తాత చేసిన పనితోనో, ఇంటి ముందున్న గుర్తుతోనో విడదీస్తారు. మనూళ్ళో ఇంటిపేరు చెప్పగానే "వంతెన కాడి వాళ్ళా, చెరువు గట్టు వాళ్ళా?" అన్నట్టే. నా ఇంటిపేరు విని ఆవిడ ఓ నిమిషం కళ్ళు మూసుకుని ఆలోచించింది. తెలిసినవాళ్ళెవరూ తగల్లేదని నిజంగానే బాధపడింది.

వీళ్ళ బంగాళాదుంపల పంచాయితీ వింటే పాత బియ్యం, కొత్త బియ్యం గురించి మన పెద్దవాళ్ళ రచ్చే. రూస్టర్ రకం మంచిదా, కెర్స్ పింక్ మంచిదా, ఉడికితే పొడిపొడిగా విచ్చుకుంటుందా, బంకగా ఉంటుందా. నవ్వబోయి ఊరుకున్నాను. 1845లో ఆ దుంపకి తెగులొచ్చే ఆ దేశంలో పది లక్షల మంది పోయారు. ఇంకో పది లక్షల మంది ఓడలెక్కారు. 2022 లెక్కల్లో జనాభా 51 లక్షలు. 1851 తర్వాత 50 లక్షలు దాటడం అదే మొదలు. కన్న కొడుకు అమెరికా ఓడ ఎక్కే ముందు రాత్రి, శవజాగరణ చేసినట్టే ఊరంతా కూర్చుని తెల్లవార్లూ సాగనంపేవారట. మళ్ళీ చూస్తామన్న ఆశ లేదు మరి. మా తాత తరంలో రంగూన్ వెళ్ళినవాళ్ళకి మేళాలు లేవు. గట్టు మీద ఏడుపు మాత్రం ఇదే.

పెద్దావిడ తమ్ముడు పోయాడని స్థానిక రేడియోలో చెప్పారు. అవును, రేడియోలోనే. రోజూ వేళకి చావు కబుర్లు చదువుతారు. అది కాక ఆర్‌ఐపీ డాట్ ఐఈ అని ఏకంగా ఓ వెబ్‌సైటే ఉంది. కొందరు పొద్దున్నే పేపరు బదులు దాన్నే తెరుస్తారట. మనం నాలుగు రోడ్ల కూడలిలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కడతాం, వాళ్ళు గాలిలోకి వదులుతారు. మేం వెళ్ళాం. శవం ఇంట్లోనే ఉంది. ఇంటివాళ్ళంతా వరసగా నిలబడి ఉన్నారు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరితో చెయ్యి కలిపి ఒకే మాట అంటున్నారు, ‘మీకొచ్చిన కష్టానికి సారీ’ అని. నేనూ పదకొండు మందికి అన్నాను. పన్నెండో ఆయనా "సారీ" అన్నాడు. ఆయన నాలాగే చూడ్డానికొచ్చినవాడు, వరసలో తప్పి నిలబడ్డాడు.

తర్వాత వంటగదిలోకి తీసుకెళ్ళి శాండ్‌విచ్చులు పెట్టారు. మా ఆవిడ మొహం చూడాలి. శవం లేవకుండా మన ఇళ్ళలో పొయ్యి వెలిగించరు. అక్కడ కెటిల్ చల్లారదు. పైగా ఆ పోయినాయన చేసిన వెధవ పనులు తలుచుకుని పగలబడి నవ్వుతున్నారు. బయటికొచ్చాక, "మహానుభావుడు, పండులా బతికి ఎళ్ళిపోయాడు" అంది మా ఆవిడ. నిండు వయసులో పోయినవాళ్ళని మనూళ్ళో డప్పులతో సాగనంపమూ?

రెండు విషయాల్లో మాత్రం మా ఆవిడకీ ఆ దేశానికీ పడలేదు. ఒకటి దీపం. చీకటి పడే వేళకి తులసి దగ్గర దీపం పెట్టి గానీ అన్నం ముట్టదు. జూన్లో ఎన్నిస్‌లో పొద్దు గుంకేది రాత్రి పదింటికి. మొదటి నాలుగు రోజులూ సంధ్య కోసం కిటికీలో కూర్చుంది. ఐదో రోజు శ్రీకాకుళం టైము ప్రకారం దీపం పెట్టేసింది. అక్కడ మధ్యాహ్నం రెండు. దేవుడు శ్రీకాకుళంలోనే ఉంటాడు కాబట్టి ఇబ్బంది లేదంది.

రెండోది ఇమర్షన్. వేన్నీళ్ళ ట్యాంకుకి ఉండే కరెంటు హీటరు అది. అది కట్టకుండా ఇల్లు వదిలితే ఐరిష్ తల్లులు క్షమించరు. పెళ్ళికి బయల్దేరినా, ఆసుపత్రికి బయల్దేరినా మొదటి ప్రశ్న అదే. మా అమ్మాయి కూడా రోజుకి పదిసార్లు, "నాన్నా, ఇమర్షన్ కట్టేరా?" అనేది. తప్పు పట్టలేను. ముప్పై ఏళ్ళు నేను ఆ పిల్లని, "మోటరు కట్టీసినావేటమ్మా?" అని అరిచిన పాపం ఇది.

బయల్దేరే రోజున ఇంకో కథ. ఐరిష్ వాళ్ళు ఫోను పెట్టేటప్పుడు ఒక్కసారి బై అనరు. బై బై బై బై అంటూ, గొంతు తగ్గించుకుంటూ, ఫోను చెవి నుంచి దూరం జరుపుతూ అంటూనే ఉంటారు. గేటు దగ్గర పెద్దావిడ ఆ పని మొదలుపెట్టింది. మా ఆవిడ, "ఉంటాం మరి... మరి ఎళ్ళొస్తాం..." అని తన వంతు అందుకుంది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. డబ్లిన్ బస్సు వెళ్ళిపోయింది. అల్లుడు కారు తీశాడు.

ఊరు దాటి ఎం18 రోడ్డెక్కాక, లటూన్ దగ్గర రోడ్డు పక్కనున్న ఓ ముళ్ళ పొద చూపించాడు. ఆ రోడ్డు వేసేటప్పుడు, 1999లో, ఎడ్డీ లెనిహన్ అనే కథకుడు అడ్డం పడ్డాడట. మన్‌స్టర్ సీమ ‘మంచివాళ్ళు’ కొనాక్ట్ సీమవాళ్ళ మీదికి యుద్ధానికెళ్తూ ఆగే మజిలీ ఆ పొద, కొట్టేస్తే రోడ్డు మీద ప్రమాదాలు తప్పవని. కంటికి కనపడని ఆ జాతిని పేరు పెట్టి పిలవరు, ‘మంచివాళ్ళు’ అంటారు. ఒంటి మీద పొక్కులు పోస్తే మనం ‘అమ్మవారు’ అన్నట్టు. ఇంజనీర్లు పొదని వదిలేసి రోడ్డు సవరించారు. 2002లో ఎవరో రంపం పెట్టి కొమ్మలు కోసేశారు. అది మళ్ళీ చిగిర్చింది.

నేను పులకించిపోయాను. విజయనగరంలో పైడితల్లి పూజారి కలలోకొచ్చి ఫలానా చోట చింతచెట్టుంది, అదే ఈ ఏటి సిరిమాను అని చెబుతుంది. పెరట్లో చెట్టు పోయినవాడు తన భాగ్యమంటాడు. అక్కడ చెట్టు కొట్టమని కల, ఇక్కడ కొట్టొద్దని కబురు. ఈ రెండు సీమల యుద్ధం కూడా అచ్చం బొబ్బిలి, విజయనగరం తగువులా ఉంది. ఈ పోలికలన్నీ అల్లుడికి వివరిస్తుంటే వెనక సీట్లో మా ఆవిడ పొదకేసి తిరిగి రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. ఏం మొక్కుకుందో తెలియదు. కళ్ళు తెరిచి మెల్లగా అంది.

"ఏవండీ, ఇమర్షన్ కట్టీసారా?"

ఎవరం మాట్లాడలేదు. అల్లుడు కారు వెనక్కి తిప్పాడు. స్విచ్చి కట్టే ఉంది. బయటికొచ్చి చూద్దును గదా, పక్కింటి పెద్దావిడ ఇంకా గేటు దగ్గరే ఉంది. మా ఆవిడ కారు దిగేసింది.