నీడ టైము

మా అమ్మాయి కాకినాడలో ఇంజనీరింగు రెండో ఏడాది. శనివారం సాయంత్రం అన్నవరం వస్తుంది, నాకు తెలియని సంగతులు ఓ నాలుగు చెప్పి సోమవారం తెల్లారగట్ల వెళ్ళిపోతుంది. మిగతా వారమంతా అవే నా సొంత అభిప్రాయాల్లా వీధిలో చెప్పుకుని బతుకుతాను. మీ ఇంట్లోనూ ఇంతేనని నాకు తెలుసులెండి.

ఈమధ్య నాకు పౌరుషం పుట్టింది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ళలోపు పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని చట్టం అమల్లోకి వచ్చింది కదా, ఆ వార్త కత్తిరించి భోజనాల దగ్గర చదివి వినిపించాను.

"నాకు పందొమ్మిది నాన్నా" అంది అమ్మాయి, పప్పులో నెయ్యి వేసుకుంటూ.

వయసుతో పనిలేదనీ, ఇకనుంచి రాత్రి తొమ్మిది దాటితే మనింట్లో ఫోన్లన్నీ ఫ్రిజ్ మీద బుట్టలో ఉండాలనీ ప్రకటించాను.

"ఉల్లిపాయల బుట్టా?" అంది మా ఆవిడ.

అదే అన్నాను.

"మరి ఉల్లిపాయలెక్కడ పెట్టమంటారు?"

పార్లమెంటులో ఇలాంటి ప్రశ్నలు ఎవరూ వేయరు కాబోలు.

అమ్మాయి మాత్రం కోప్పడలేదు. కథ చెప్పింది. 1865లో ఇంగ్లండులో ఆవిరి బండి రోడ్డెక్కితే, దానికి అరవై గజాల ముందు ఓ మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలని చట్టం చేశారట. ఊళ్ళో అయితే గంటకి రెండు మైళ్ళు, ఊరి బయట నాలుగు మైళ్ళు మించకూడదట. "భయం నిజమే నాన్నా, గుర్రాలు బెదిరేవి. అసలు నియమాలే వద్దని నేననను. కానీ ముందు ఆ వస్తువు ఎలా పనిచేస్తుందో తెలుసుకుని పెట్టు" అంది. మా ఆవిడకి ఈ కథ తెగ నచ్చేసింది. అప్పట్నుంచీ నేను హాల్లో అడుగుపెడితే చాలు, "ఎర్రజెండా వస్తోందే" అని లోపలికి కేకేస్తోంది.

ఇలా కాదని, ఆదర్శంగా ఉందామని, నా ఫోను రాత్రే కాదు, పగలు కూడా బుట్టలోనే వదిలేయడం మొదలుపెట్టాను.

ఫిబ్రవరి రెండో వారంలో రాజమండ్రిలో మా బావమరిది షష్టిపూర్తి. బండి పదింటికి. తల్లీకూతుళ్ళు తిన్నగా స్టేషనుకి వెళ్ళేట్టు, నేను కొండ మీద ప్రసాదం పొట్లాలు తీసుకుని వచ్చి కలిసేట్టు ఏర్పాటు. పైకి వెళ్ళాక చూసుకుంటే చేతికున్న హెచ్‌ఎంటీ ఆగిపోయి ఉంది. ముందురోజు కీ ఇవ్వడం మరిచాను.

అయితేనేం, రత్నగిరి మీద నీడ గడియారం ఉంది కదా! పిడపర్తి కృష్ణమూర్తి శాస్త్రి గారు 1943లో నిర్మించినది. నీడ చూసి వాచీ సరిచేసుకున్నాను. అంతటితో ఊరుకోవచ్చా? పక్కనున్న యాత్రికుడికి, ఆయన అడక్కపోయినా, "చార్జింగు అక్కర్లేదు, నెట్టు అక్కర్లేదు, పాస్‌వర్డు అక్కర్లేదండి" అని చెప్పాను. ఆయన పాపం తలూపాడు.

వాచీలో తొమ్మిదీ యాభై అయ్యేసరికి దర్జాగా ప్లాట్‌ఫారం మీదున్నాను. టీ అమ్మే అతను తప్ప మనిషి లేడు. "ఇప్పుడే వెళ్ళిపోయిందండి" అన్నాడు.

ఫోను చేద్దామంటే అది ఫ్రిజ్ మీద ఉంది. తర్వాత చూస్తే మా ఆవిడవి పదకొండు మిస్డ్ కాల్స్. తర్వాతి బండి కోసం బెంచీ మీద కూర్చుని, మనసు ఊరుకోక ఒక పొట్లం విప్పాను. ఆ గోధుమ నూక, బెల్లం, నెయ్యి, ఆ ఆకు వాసన... మీకు చెప్పాలా! రాజమండ్రి చేరేసరికి ఆరు పొట్లాల్లో మూడు మిగిలాయి. ఆఖరి బంతి లేస్తోంది.

బావమరిది ముందు, ఆయన వియ్యంకుడి ముందు, అమ్మాయి జాంగ్రీని సూర్యుణ్ణి చేసి, దాని చుట్టూ మజ్జిగ గ్లాసు తిప్పుతూ పాఠం చెప్పింది. భూమి తిరిగే దారి గుండ్రంగా ఉండదట, పైగా అది ఒరిగి తిరుగుతుందట. అందుకని నీడ టైమూ, గడియారం టైమూ ఏడాదిలో నాలుగు రోజులే కలుస్తాయట. ఫిబ్రవరి నడిమికి నీడ పద్నాలుగు నిమిషాలు వెనకబడుతుందట.

"మన ఊరు అక్కడెక్కడో ఉంది కాబట్టి తేడా వచ్చిందేమోనే" అన్నాను, చివరి ఆశగా.

"లేదు నాన్నగారూ. దేశం మొత్తానికి టైము లెక్కగట్టే ఎనభై రెండున్నర డిగ్రీల రేఖ మన అన్నవరం పక్కనుంచే పోతుంది. మన ఊరి వల్ల వచ్చే తేడా అర నిమిషం కూడా ఉండదు. శాస్త్రి గారి గడియారం కరెక్టే. చూసుకోవడమే..." అని మర్యాదకి అక్కడ ఆపింది. నన్ను 'గారూ' అన్నప్పుడే అనుకున్నాను, అయిపోయానని.

"ఎప్పుడూ వెనకేనా?" అని అడిగింది మా ఆవిడ.

"కాదమ్మా, నవంబరు మొదట్లో పదహారు నిమిషాలు ముందుంటుంది."

"అయితే వాళ్ళ చెల్లెలింటికి నవంబరులో పంపిద్దాం. ముందే చేరతారు."

ఆ రాత్రి ఇంటికొచ్చి చూద్దును కదా, ఉల్లిపాయలు బుట్టలో ఉన్నాయి. నా ఫోను వాటి పైన ఉంది.