రాక్‌వెల్ రావు

డల్లాస్ వైపు తెలుగువాళ్ల ఇళ్లలో ఏ వ్రతానికి వెళ్లినా అట్టపెట్టె విప్పాల్సిన ఘడియ ఒకటి వస్తుంది. పేపరు ప్లేట్ల కట్టో, తాంబూలంలో ఇచ్చే గిన్నెల పెట్టో. ఇల్లాలు కత్తెర వెతుక్కునేలోపు హాలు మూల నుంచి ‘టక్‌’మంటుంది. ఎవరా అని చూడక్కర్లేదు, రాక్‌వెల్ రావే. అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా వాడుకలో లేదు. ఇలాంటి రావు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. న్యూజెర్సీలో ఇద్దరున్నారు, వాళ్లకు మాటల్లేవు.

పెట్టె తెగడం క్షణంలో పని. ఆ తర్వాత కోతలే ముప్పావుగంట.

“ఇది ఎస్30వీ ఉక్కండీ” అని మొదలుపెడతాడు, మనం అడగకుండానే. “2001లో వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ అని ఊరుంది చూడండీ, అక్కడి క్రూసిబుల్ కంపెనీ వాళ్లు చాకుల కోసమే తయారుచేశారు. కరిగించిన ఉక్కును ముందు పొడి చేసి, ఆ పొడిని వేడిలో, ఒత్తిడిలో మళ్లీ దిమ్మ కట్టిస్తారు. రాక్‌వెల్ 60!”

ఆ రాక్‌వెల్ అనేది ఉక్కు గట్టిదనానికి వేసే మార్కు. వజ్రపు మొనను 150 కిలోల బరువుతో ఉక్కులోకి నొక్కి, ఎంత లోతు దిగిందో కొలుస్తారు. తక్కువ దిగితే ఎక్కువ మార్కులు. మార్కుకూ మార్కుకూ మధ్య తేడా మిల్లీమీటరులో 500వ వంతు. ఆ 500వ వంతు చాలక రావు పాత చాకు అమ్మి కొత్తది కొన్నాడు.

ఎదుటివాడి జేబులో చాకు కనబడితే చాలు, పెళ్లిచూపుల్లో గోత్రం అడిగినట్టు ఉక్కు అడుగుతాడు. ‘8సీఆర్13ఎంఓవీ’ అని తేలితే “పర్లేదులెండి, చైనా ఉక్కయినా మీ వాడకానికి చాలు” అంటాడు. ఆ ‘మీ’ దగ్గర కాస్త ఆగుతాడు. ‘440సీ’ అంటే పెద్దల పట్ల చూపించే గౌరవం. ‘డీ2’ అంటే నిట్టూర్పు: 12 శాతం దాకా క్రోమియం ఉండీ స్టెయిన్‌లెస్ కాలేకపోయిందని, మెడిసిన్ సీటు ఒక్క మార్కులో తప్పిన మేనల్లుడి సంగతి చెప్పే గొంతుతో చెబుతాడు. ఇక 2021లో లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త రూపొందించిన మాగ్నాకట్ ప్రసక్తి వస్తే చెప్పులు విడుస్తాడేమో అనిపిస్తుంది.

పక్కింటాయన దగ్గరున్నది ఎర్రపిడి విక్టోరినాక్స్. దాని మార్కు 56. సీసా మూత తీస్తుంది, స్క్రూ బిగిస్తుంది, కమలాపండు ఒలుస్తుంది. రావు దృష్టిలో అది చెంచా జాతికి చెందిన వస్తువు.

న్యాయంగా చెప్పాలంటే మనిషికి విషయం తెలుసు. ఉక్కును గట్టిపరిస్తే పదును నిలుస్తుంది గానీ పెళుసెక్కుతుంది. వెనేడియం కలిపితే అరగదు, సానరాయి మీద కూడా అరగదు. అందుకే రావు చాకు కంటే ముందు వజ్రాల పొడి పూసిన సానపలకలు కొనాల్సి వచ్చింది. తుప్పు పట్టకుండా క్రోమియం కలిపితే, అందులో కొంత కర్బనంతో జతకట్టి గట్టి రవ్వలుగా కూచుంటుంది, తుప్పును ఆపే పనికి అందదు. పైగా అదే పేరున్న ఉక్కును ఒకరు బాగా కాల్చి చల్లారిస్తే ఒకలా, ఇంకొకరు చేస్తే ఇంకోలా తేలుతుంది. వాదర ఎంత పలచగా ఉందన్నది వీటన్నిటి కంటే ముఖ్యం. ఇవన్నీ ఆయనే చెబుతాడు. చెప్పి, ఉక్కు పేరు చూసి ఇంకోటి కొంటాడు.

కొన్నవాటితో కోసేదేమిటంటే, వచ్చిన కొత్త చాకు పెట్టె. దాన్ని పాత చాకుతో కోస్తాడు. అట్ట చాలనప్పుడు పరీక్షకు ఎడమచేయి ఉండనే ఉంది. వెంట్రుకలు గొరిగితేనే పదునుకు గుర్తు కాబట్టి మోచేతి నుంచి మణికట్టు దాకా పసిపాప చర్మంలా నున్నగా ఉంటుంది. కుడిచేయి మామూలు మగవాడిది. టెక్సాస్ ఎండలో కూడా ఫుల్‌హ్యాండ్ చొక్కా ఎందుకేస్తాడో ఆఫీసులో ఎవరికీ తెలియదు.

ఒకసారి కార్బన్ స్టీలు ఒపినెల్ తెప్పించాడు. ఫ్రాన్సులో సవాయ్ కొండల నుంచి 1890 నాటినుంచీ వస్తున్న చెక్కపిడి చాకు. దాని మీద నీలిబూడిద రంగు పొర కట్టాలని, కడితే ఎర్రతుప్పు అంత త్వరగా పట్టదని, చింతపండు పులుసులో నానబెట్టి, మూడుసార్లు తీసి చూసి, చివరికి మేఘాల్లాంటి మచ్చలు తెప్పించాడు. ఫొటో తీద్దామని ఫోను తెచ్చేలోగా వాళ్లావిడ, “ఏవండీ, మీ చాకు నల్లబడిందని తోమిపెట్టాను” అంది. పీతాంబరితో. తళతళలాడుతోంది.

ఆయనకు జాతీయ స్థాయి దుఃఖాలు రెండు. 2013 మార్చిలో అమెరికా విమానాల్లోకి 6 సెంటీమీటర్ల లోపు చాకులు రానిస్తామని ప్రకటించి, విమాన సిబ్బంది గొడవ చేయడంతో జూన్‌లో వెనక్కి తగ్గారు. ఆ మూడు నెలలూ తన జీవితంలో రామరాజ్యం అంటాడు. రెండోది 2024 డిసెంబరులో క్రూసిబుల్ కంపెనీ దివాలా పిటిషన్ వేయడం. ఆ వారం ఏ పార్టీకీ రాలేదు. మైల అన్నారు తెలిసినవాళ్లు.

ఇక అత్తగారి సంగతి. ఆవిడది ఆర్మూర్ వైపు. కూతురింటికి వస్తూ చెకిన్ సూట్‌కేసులో చీరల మధ్య కత్తిపీట పెట్టుకొచ్చింది, ఆవకాయ పెట్టకుండా వెళ్తానేమోనని. ఇండియన్ స్టోరు నుంచి పుల్లమామిడికాయలు వచ్చాయి. రావుకు తన జపాన్ జెడ్‌డీపీ-189 గుర్తొచ్చింది. అందులో కర్బనం 3 శాతం, గట్టిదనం 65 దగ్గర. “మీరు కూచోండత్తయ్యా” అని, కాయను పలక మీద పెట్టి, చాకు టెంక మీద ఆనించి, అరచేత్తో వెనక నుంచి గుద్దాడు.

కిటుక్కుమంది. టెంక కాదు. వాదర నుంచి గోరంత ముక్క ఎగిరి ఉప్పుగిన్నెలో పడింది.

అత్తగారు ఏమీ అనలేదు. ముందు ఉప్పు పారబోసింది. తర్వాత పీట వేసుకుని కూచుని, కాయా టెంకా కలిపి నాలుగు చెక్కలు చేసి పక్కన పడేసింది. వాదర చెక్కుచెదరలేదు.

రావు కళ్లు చాకు మీద లేవు. “అత్తయ్యా, ఇది ఏ ఉక్కు?”

“ఏమెర్కయ్యా? మీ మామ లారీ కమాన్ పట్టీ తెచ్చిస్తే కమ్మరాయన కొట్టిచ్చిండు.”

“స్ప్రింగు స్టీలు!” కేకలాంటిది వేశాడు. “గట్టిదనం తక్కువ, దెబ్బకు ఓర్చుకుంటుంది!” ఆ ఊపులో కోనసముద్రం ఊరి సంగతి ఎత్తుకున్నాడు: మీ జిల్లాలోనే కదా అత్తయ్యా, పర్షియా వర్తకులు కత్తుల కోసం వెతుక్కుంటూ వచ్చి కొనుక్కెళ్లిన ఉక్కు మూసల్లో కరిగింది, మీకు తెలుసా? ఆవిడకు తెలిసినా తెలియకపోయినా ఆవపిండి కలపాల్సి ఉంది. ఈలోగా ఆయన గట్టిదనం పట్టిచూసే ఆకురాళ్ల సెట్టు తెచ్చాడు, 40 నుంచి 65 దాకా, ఒక్కోదానికి ఒక్కో రంగు పిడి. కత్తిపీట ముందు బాసింపట్టు వేసుకుని 50 నంబరుతో రాకడం మొదలుపెట్టాడు.

“అయ్యో, నా పీటను ఆకురాయితోని రాకుతున్నవేంది?”

“ముక్క ల్యాబుకు పంపిద్దాం అత్తయ్యా, అందులో ఏమేం కలిపారో శాతాలతో సహా చెబుతారు.”

“పంపుకో బిడ్డా, ఎవలొద్దన్నరు? సగం కాయలు అట్లనే ఉన్నయ్. అవి కొట్టినంక పంపుకో.”