డ్రమ్‌సెట్టుకు ప్రదక్షిణం

డ్రమ్స్ నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది: జనం చెవులతో వినరు. హోసూరులో చంద్రచూడేశ్వరుడి తేరు నాడు కొండ కింద ఆర్కెస్ట్రా పెడితే, ముందు వరస పెద్దమనుషులు పాడే అమ్మాయిని చూస్తారు, మిగతా ఊరంతా వెనకాల డ్రమ్స్ వాయించేవాడి మోచేతులు చూస్తుంది. మోచెయ్యి భుజం దాటి లేస్తే ఒక ఈల. తల దాటి లేస్తే రెండు. తాళం తప్పిందా లేదా అన్నది వాయించేవాడికే పట్టనప్పుడు ఈల వేసేవాడికెందుకు?

చేతులు తక్కువ కదిలించి ఎక్కువ వాయించడం ఎట్లాగో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. ఒంట్లో ఉన్న శక్తినంతా మొదటి మూడు పాటల్లోనే ఖర్చు పెట్టేయడం ఎట్లాగో చెప్పే పుస్తకం మాత్రం నాకు దొరకలేదు. ఆ లోటు తీర్చడానికే ఇది రాస్తున్నాను. అనుభవం మీద చెబుతున్న మాటలు. అనుమానముంటే నా కుడి భుజాన్ని అడగండి, వానాకాలంలో బాగా చెబుతుంది.

అమరికతో మొదలుపెడదాం. స్టూలు బాగా కిందికి దించండి, మోకాళ్లు గడ్డానికి తగలబోయేంత. స్నేర్‌ని నడుము ఎత్తున పెట్టుకోమనీ, మోచేతులు ఊరికే వేలాడదీస్తే స్టిక్ కొనలు ఎక్కడికి వస్తాయో అక్కడే ఉంచమనీ చెప్పేవాళ్లుంటారు. అది సోమరుల పద్ధతి. టామ్‌లను గోడల్లా నిట్టనిలువుగా నిలబెట్టండి. ఫ్లోర్ టామ్‌ని పక్కింటివాళ్ల హద్దు దాకా జరపండి. క్రాష్ సింబల్ సంగతికొస్తే, మనది మామిడి తోటల జిల్లా కాబట్టి విడమరిచి చెప్పనక్కర్లేదు: చిక్కం కర్రతో కొమ్మ చివర కాయ అందుకున్నట్టు దాన్ని అందుకోవాలి. స్టాండు ఎంత పొడుగు సాగితే అంత సాగదీయండి. కొట్టినప్పుడల్లా లేచి నిలబడాల్సి వస్తుంది. లేచి నిలబడితేనే కదా వెనక వరసకి మన మొహం కనబడేది.

సిప్కాట్ ఫ్యాక్టరీల్లో పని చేసేవాళ్లకి ఈ అమరిక ఒక పట్టాన ఒంటబట్టదు. వాళ్ల తప్పు కాదు. లైన్లో నట్ల డబ్బా ఎక్కడుండాలి, స్పానరు ఏ చేతి పక్కనుండాలి అన్నది వాళ్లకి నిద్రలో కూడా తెలుసు. దీనంతటికీ మూలపురుషుల్లో ఒకాయన ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అనే అమెరికావాడు, మొదట తాపీ పని చేసినవాడు. ఇటుక పేర్చే మేస్త్రి ఒక్కో ఇటుకకీ 18 కదలికలు చేస్తున్నాడని లెక్కపెట్టి, ఇటుకల్ని వంగకుండా అందే ఎత్తులో పెట్టించి, వాటిని ఐదు దాకా తగ్గించాడు. తరవాత ఆయనా, భార్య లిలియనూ కలిసి చేతుల పనిని వెతకడం, పట్టుకోవడం, మోయడం, వదలడం అంటూ ముక్కలు చేసి, ఆ ముక్కకి ‘థెర్‌బ్లిగ్’ అని పేరు పెట్టారు. ఇంటిపేరు తిరగేస్తే దాదాపు ఆ మాటే వస్తుంది. మనిషి తన పేరు తిరగేసుకునేటంత తీరిక సంపాదించాడంటే, కదలికలు తగ్గించడం ఎంత ప్రమాదమో చూడండి.

నేను పని చేసిన చోట కూడా ఒక ఇంజనీరు స్టాప్‌వాచీ పట్టుకుని వారం రోజులు నా వెనకాల నిలబడ్డాడు. ‘స్పానర్ కోసం ప్రతిసారీ నడుము తిప్పుతావుండావు’ అన్నాడు. స్పానర్ల తట్టని ఆరంగుళాలు ఇటు జరిపించాడు. సాయంత్రానికి నడుం నొప్పి సగం తగ్గింది. ఆ శనివారం రాత్రి స్టేజీ మీద ఫ్లోర్ టామ్‌ని సరిగ్గా ఆరంగుళాలు అటు జరుపుకున్నాను. వారమంతా ముదలాళి కోసం పొదుపు చేసినవాడు ఒక్క రాత్రి సొంతానికి దుబారా చేసుకోకూడదా?

ఇక స్టిక్ పట్టుకోవడం. సాయంకాలం బెంగుళూరు బస్సులో నిలబడి అత్తిబెలె దాకా వచ్చిన అనుభవం ఉంటే ఈ పట్టు మీకు పుట్టుకతో వచ్చినట్టే. పై కమ్మిని ఎట్ల పట్టుకుంటామో అట్ల పట్టుకోవాలి, వేలి కణుపులు తెల్లబడేదాకా. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య స్టిక్‌ని ఊగనిస్తే, కొట్టిన తరవాత అది తనంతట తానే పైకి లేస్తుంది. బిగించిన తోలు దాన్ని తిప్పి కొడుతుంది. రెండో దెబ్బకి సగం కూలి ఆ తోలే ఇస్తుందన్నమాట. పుచ్చుకోకండి. 2006 ఎన్నికల తరవాత కలర్ టీవీ, 2011 తరవాత మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఊరికే పుచ్చుకున్న రాష్ట్రంలో ఉంటూ ఇదొక్కటీ వద్దంటే ఎట్ల అని మీరు అడగొచ్చు. టీవీ వేరు, చెమట వేరు.

శాన్‌ఫర్డ్ మోలర్ అనే ఆయన 1925లో ఒక పుస్తకం వేశాడు. అమెరికా అంతర్యుద్ధ కాలంనాటి ముసలి సైనికుల వాయింపు చూసి రాసుకున్న సంగతులు అందులో ఉన్నాయి. ఆయన పేరు మీద చలామణీలో ఉన్న పద్ధతి మనకేమీ కొత్త కాదు, చెర్నాకోల విసరడమే. మోచెయ్యి ముందు కదులుతుంది, మణికట్టు దాని వెనక వస్తుంది, స్టిక్ కొన అన్నిటికన్నా ఆలస్యంగా వచ్చి చటుక్కున తగులుతుంది. ఒక్క విసురులో రెండు మూడు దెబ్బలు రాబట్టొచ్చు, అందులో మొదటిది గట్టిగా, మిగతావి మెత్తగా. ఎద్దుల బండి తోలిన తాత ఇంట్లో ఉంటే ఈ పద్ధతి పొరపాటున అబ్బే ప్రమాదం ఉంది, జాగ్రత్త. జార్జ్ లారెన్స్ స్టోన్ 1935లో తెచ్చిన ‘స్టిక్ కంట్రోల్’ ఇంకా అన్యాయం. బొమ్మలు లేవు, పాటలు లేవు, కుడి ఎడమ కుడి ఎడమ అని వరసలు, ఒక్కో వరసా ఆపకుండా 20 సార్లు వాయించమంటాడు. ఇదేం చదువు? మొదటి రోజే ‘చెవులు చిల్లులు పడే’ వేగంతో మొదలుపెట్టండి. నెమ్మదిగా వాయిస్తే తప్పులు వినబడతాయి.

ఇప్పుడు అసలు ఘట్టానికి వద్దాం: ఒక డ్రమ్ము నుంచి ఇంకో డ్రమ్ముకి చేతులు పోవడం. మన వాడుకలో దీన్ని రోల్ కొట్టడం అంటాం. స్నేర్ ఎడమవైపు, టామ్‌లు ముందు, ఫ్లోర్ టామ్ కుడివైపు. ఆ వరసలో చేతులు తిరిగితే అది అచ్చంగా ప్రదక్షిణం. మధ్యలో స్టూలు మీద కూర్చున్న దేవుడివి నువ్వే. అందుకే చాలామంది డ్రమ్మర్లకి ఆ మొహం వస్తుంది.

ఈ ప్రదక్షిణంలో ఒక లెక్క ఉంది. ఒక్కో డ్రమ్ము మీద తకధిమి, అంటే నాలుగు దెబ్బలు, కుడి ఎడమ కుడి ఎడమ అని వేసుకుంటూ పోతే చిక్కే లేదు. నాలుగోది ఎడమతో ముగుస్తుంది, కుడిచెయ్యి కుడివైపు డ్రమ్ముకి ముందుగా జరుగుతుంది, ఎడమచెయ్యి వెనకే వస్తుంది. చిక్కంతా తకిటతో వస్తుంది. కుడి ఎడమ కుడి, అయిపోయింది. తరవాతి డ్రమ్ము మీద మొదటి దెబ్బ ఎడమది. అది కుడిచేతిని దాటుకుని పోవాలి. అక్కడ రెండు చేతులూ పొట్టేళ్లలా ఢీకొంటాయి, ఒక స్టిక్ ఎగిరి కీబోర్డాయన ఒళ్లో పడుతుంది. ఐదు దెబ్బల తకతకిటకీ ఇదే గతి. దీనికి విరుగుడు చిన్నది: తకిటని కుడి ఎడమ ఎడమ అని వాయించడం. ప్రతి డ్రమ్ము మీదా కుడిచెయ్యే ముందు దిగుతుంది, దారిలో ఎవరికీ ఎవరూ అడ్డం రారు. చెప్పేశాను గానీ, మీరు విననట్టే ఉండండి. స్టిక్ ఎగిరిపడటం కన్నా జనం గుర్తు పెట్టుకునేది ఇంకేముంది?

తిరుగు ప్రయాణం, అంటే అప్రదక్షిణం, ఇంకా రంజుగా ఉంటుంది. ఫ్లోర్ టామ్ నుంచి స్నేర్‌కి రావాలంటే ఎడమచెయ్యి ముందు నడవాలి. జీవితంలో ఎడమచేతికి పెద్దరికం ఇవ్వనివాళ్లం, ఇక్కడ ఎందుకిస్తాం? చేతుల వరస మార్చడానికి కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ అనే పాత పాఠం ఒకటుంది, పారడిడిల్ అంటారు. నాలుగు దెబ్బలకోసారి పెద్దరికం ఒక చేతి నుంచి ఇంకో చేతికి తనంతట అదే మారిపోతుంది. పంచాయతీ ప్రెసిడెంటు పదవి కూడా అంత సాఫీగా మారదు. ఇంత మంచి సౌకర్యాన్ని వదిలేసి, అన్నీ కుడిచేత్తోనే లాక్కురండి. బీటిల్స్‌లో రింగో స్టార్ ఎడమచేతివాటం మనిషి, కూర్చున్నది కుడిచేతివాళ్ల సెట్టు ముందు. అందుకే ఆయన రోల్స్ ఎవరికీ రాని వంకరలు తిరిగాయి, లోకం వాటిని నేర్చుకోవడానికి నానా తంటాలు పడింది. మన వంకరలకి కూడా ఒకరోజు అట్లాంటి గౌరవం రాకపోదు.

ఒక డ్రమ్ము నుంచి ఇంకోదానికి స్టిక్ కొన నేరుగా, తక్కువ ఎత్తులో పోవచ్చు. చెయ్యి కన్నా ముందు మోచెయ్యి కొంచెం తిరిగితే మిగతాదంతా దాని వెనకే పోతుంది. కానీ హోసూరు నుంచి కృష్ణగిరికి శూలగిరి మీదుగా యాభై కిలోమీటర్ల హైవే ఉందని డెంకణికోట, రాయకోట చూడకుండా పోతామా? ప్రతి దెబ్బకీ స్టిక్ ముందు ఆకాశానికి పోవాలి, అక్కడ ఒక్క క్షణం నిలవాలి, ఫొటో దిగాలి, ఆ తరవాత కిందికి రావాలి. ఆలోగా పాట చరణంలోకి వెళ్లిపోయి ఉంటుంది. పాటది తొందరపాటు.

హైహ్యాట్ గురించి ఒక్క మాట. అది ఎడమవైపుంటుంది, దాన్ని కుడిచెయ్యి వాయిస్తుంది. అందుకని కుడిచెయ్యి ఎడమచేతి మీదుగా కంచె దాటినట్టు పోతుంది, కింద ఇరుక్కున్న ఎడమచెయ్యి స్నేర్ మీద నాలుగంగుళాలు కూడా లేవలేదు. ఎడమవైపున్నదాన్ని ఎడమచేత్తోనే వాయిస్తే పోలేదా అని బిల్లీ కాబమ్‌ లాంటివాళ్లు అట్లాగే వాయించి చూపించారు. బాగానే వాయించారు కూడా. అయినా మన పెద్దలు చేతులు అడ్డం వేసుకున్నారు కాబట్టి మనమూ వేసుకుందాం.

ఎవరి దగ్గర నేర్చుకోకూడదో కూడా చెప్పాలి. మా ఊళ్లో పలకలు కొట్టే తాత ఉండేవాడు. పలకని నిప్పు సెగకి కాచి, చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి, భుజాన తగిలించుకునేవాడు. కుడిచేతిలో పొట్టి లావు సిర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల. ఊరి గుడి నుంచి చెరువు కట్ట దాకా నడుస్తూ, ఎగురుతూ, రాత్రంతా కొట్టి, పొద్దున ఏమీ జరగనట్టు చేనికి పోయేవాడు. నేను రెండు గంటల స్టేజీకే భుజానికి వేడినీళ్ల కాపడం పెట్టుకుంటుంటే చూసి నవ్వాడొకసారి. ‘చెయ్యి ఎందుకప్పా అంత తిప్పేది, మణికట్టు నడిస్తే చాలదా? దెబ్బ నువ్వు కొట్టేది కాదు, పుల్ల కొడతాది’ అన్నాడు. మోలరూ స్టోనూ పుస్తకాలు రాసి చెప్పింది ఒక ముక్కలో చెప్పేశాడు. అందుకే ఆయన దగ్గర నేర్చుకోవద్దనేది. ఫీజు తీసుకోడు, ఫీజు లేని చదువుకి సర్టిఫికెట్టు రాదు. బెంగుళూరుకి పోతే ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల పరీక్షలు గ్రేడ్ 8 దాకా ఉన్నాయి, ఫ్రేము కట్టించుకోవచ్చు. పైగా తేరు నాడు ఆయన కొట్టేది కింద దుమ్ములో, మనం కొట్టేది పైన లైట్ల కింద. ఆ మెట్లు ఆయన్ని ఎవరూ ఎక్కమనలేదు, నేనూ అనలేదు. ఎక్కినవాడు దిగి వచ్చి అడగడం మర్యాద కాదని ఊరుకున్నాను.

ప్యాడ్ జోలికి కూడా పోవద్దు. 1985లో రోలాండ్ కంపెనీ ఆక్టోప్యాడ్ తెచ్చింది. రెండు వరసల్లో ఎనిమిది గదులు, మొత్తం ఒక పీట మీద పట్టేంత. స్నేరూ, టామూ, సింబలూ, కావాలంటే డోలకూ తవిలూ, అన్నీ జానెడు దూరంలో. గిల్‌బ్రెత్ బతికుంటే కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. మా వైపు ఆర్కెస్ట్రాల్లో డ్రమ్‌సెట్టుని సగం ఖాళీ చేయించింది అదే. కానీ దాని ముందు నిలబడ్డవాడి చేతులు కదిలినట్టే ఉండవు, పాపం ఈల కోసం తలకాయ ఊపుకుంటుంటాడు.

ఇంత చెప్పాక ఒక తప్పు ఒప్పుకోవాలి. తాత పోయిన ఏడాది ఎందుకో బుద్ధి పుట్టి, స్టూలు పైకి లేపాను. టామ్‌లు దగ్గరికి లాక్కున్నాను, క్రాష్‌ని గడ్డం ఎత్తుకి దించాను. ఇంట్లో ఆరు నెలలు కుడి ఎడమ కుడి కుడి అని వాయించాను, మా ఆవిడ పుట్టింటికి పోయి వచ్చేంత ఓపిగ్గా. ఆ ఏడు తేరుకి మూడు గంటలు వాయించాను. ఒక్క స్టిక్ పడలేదు, భుజం పలకరించలేదు, తకిటలన్నీ కొండ దిగిన నీళ్లలా పోయాయి. ఈల మాత్రం ఒక్కటీ రాలేదు. దిగి టీ తాగుతుంటే ఒక కుర్రాడు వచ్చాడు.

‘ఏమన్నా, ఈ పొద్దు ట్రాక్ పెట్టిండారా? చేతులు కదల్నే లేదే.’

వెనకనే కమిటీ ఆయన. భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి, ‘వాయించింది బాగుండాదన్నా. రేపు మాత్రం కొంచెం చేతులెత్తి వాయించన్నా, చందాలిచ్చినోళ్లు అడుగుతాండారు’ అన్నాడు.

మర్నాడు అందరికన్నా ముందు పోయి, క్రాష్ స్టాండు మర వదులు చేసి, పైదాకా లాగి బిగించాను.