శ్రీమద్గోధుమపిండి పొట్లవాక్యం: టీకా, తాత్పర్యం

మూలం: గాలి చొరబడని డబ్బాలో, చల్లని పొడి ప్రదేశమునందు భద్రపరచవలెను.

అవతారిక: ఈ మహావాక్యం గోధుమపిండి పొట్లం వెనుక, బార్‌కోడ్‌కు పైన, కళ్లజోడున్నవాళ్లకు సైతం కష్టసాధ్యమైన అక్షరాల్లో వెలసింది. కర్త ఎవరో తెలియదు. అపౌరుషేయమనుకున్నా ఇబ్బంది లేదు. కారప్పొడి మీదా ఇదే పాఠం, బిస్కెట్ల మీదా ఇదే పాఠం. కొలచాల మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. ప్రస్తుత వ్యాఖ్యాత అందులో మొదటి సగానికే కట్టుబడ్డాడు.

ప్రతిపదార్థం: డబ్బా, ప్రదేశము: స్పష్టం. చల్లని: మే నెలలో రెంటచింతల వాస్తవ్యులకు తప్ప తక్కినవారికి స్పష్టం.

పొడి: గ్రంథం బరువంతా ఈ రెండక్షరాల మీదే ఉంది. పిండిలో అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే నల్లులు (మంచపు నల్లులు కావు, మైట్లు) కాపురముంటాయి. వాటిలో ఒకదానికి లిన్నేయస్ 1758లో అకారస్ సిరో అని నామకరణం చేశాడు. దాని జ్ఞాతి టైరోఫేగస్ పుట్రెసెంటియేకు బూజంటే ప్రాణం. గుడ్డులోంచి వచ్చేటప్పుడు ఆరు కాళ్లు, ఆ తర్వాత ఎనిమిది. తెల్లటి మెత్తటి ఒళ్లు, అందులో నీరు నిలవదు. గాలిలోని తేమను పీల్చుకుని బతకాలి. గాలి బాగా పొడిగా ఉంటే ఎండి చస్తాయి. గాలిలో తేమ 70 శాతం దాటి అక్కడే నిలిచిందా, పిండికి బూజు పడుతుంది, బూజును నల్లి మేస్తుంది. మేసిన సిద్ధబీజాలు కొన్ని అరక్కుండా మలంతో బయటపడతాయి, కొన్ని ఒంటి వెంట్రుకలకు అంటుకుని పక్కచోటికి చేరి మొలుస్తాయి. నల్లుల ఊపిరిలోని తేమ మళ్లీ బూజుకే దోహదం. అన్యోన్యాశ్రయాన్ని తార్కికులు దోషాల్లో లెక్కవేస్తారు. పిండిడబ్బాలో దాని పేరు సంసారం.

సరే, ఎంత పొడి? గోధుమపిండిలో తేమ 14 శాతం మించకూడదని మన ఆహార భద్రతా నిబంధనల్లో అంకె వేసి మరీ ఉంది. పొట్లం మీద మాత్రం ఆ అంకె లేదు. అధికారికి సంఖ్య, కొన్నవాడికి విశేషణం. శ్రావణమాసంలో కాకినాడలో పొడి ప్రదేశం ఎక్కడుందో సూత్రకారుడే వచ్చి చూపిస్తే ఆ ఇంటివాళ్లు కాఫీ ఇచ్చి మరీ పంపుతారు.

గాలి చొరబడని: ఇక్కడ కొంత విస్తరం తప్పదు. ప్రయోగశాలల్లో శిలీంధ్రాలను పెంచే పండితులు నల్లి పేరెత్తితే బెంబేలు పడతారు. పరీక్షనాళికకు దూది బిరడా ఎంత గట్టిగా పెట్టినా అది దూదిలోంచి నడిచివస్తుంది, లోపలి బూజు తింటుంది, కాళ్లకు అంటిన సిద్ధబీజాలతో పక్క నాళికలోకి వెళ్తుంది. ఏళ్ల తరబడి శుద్ధంగా పెంచిన జాతులు ఒక్క వారంలో సంకరం. 1946లో అమెరికా శాస్త్రవేత్తలు స్నైడర్, హాన్సెన్ దీనికి చెప్పిన ఉపాయం సిగరెట్ కాగితం! నాళిక మూతిని మైలుతుత్తం కలిపిన జెలటిన్ జిగురుతో, సిగరెట్లు చుట్టే పలచటి కాగితంతో మూసేయాలి. గాలి ఆడుతుంది, నల్లి ఆడదు. అంటే ఆపవలసింది గాలిని కాదు, నల్లిని. ఈ సంగతి సూత్రకారుడికి తట్టినట్టు లేదు.

బూజును దారిబత్తెంగా మోసుకుపోయే నల్లులూ ఉన్నాయి. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పైన్ అడవుల్లో డెండ్రోక్టోనస్ ఫ్రంటాలిస్ అనే బెరడుపురుగు చెట్లను ఎండగడుతుంది. పిల్లల తిండికి పనికొచ్చే బూజును అది తన ఒంటిలోనే వెంట తెచ్చుకుంటుంది. ఆ పురుగునెక్కి టార్సొనీమస్ నల్లులు సవారీ చేస్తాయి. ఆడనల్లి ఒంటికి జేబులున్నాయి. వాటిలో ఉండేది వేరే బూజు, కలపకు నీలిమరక తెచ్చే ఒఫియోస్టోమా మైనస్. కొత్త చెట్టు చేరగానే నల్లి తన బూజును నాటుకుంటుంది, తింటుంది, పిల్లల్ని కంటుంది. నీలిమరక ఎక్కువైన చోట పురుగు పిల్లలు సరిగా ఎదగవు. ఎక్కించుకొచ్చినవాడి పిల్లల నోటికాడి కూడు పోయింది, ఎక్కివచ్చినవాడు సుఖంగా ఉన్నాడు. ఇందులో అర్థాంతరన్యాసం కోరే పాఠకులు తమ ఆఫీసునే ఉదాహరణగా తీసుకోవచ్చు.

అంత దూరం పోనక్కర్లేదు. గోదావరి జిల్లాల వరిలో కంకినల్లి ఉండనే ఉంది. ఆకు తొడుగు లోపలి పక్క దాగి రసం పీలుస్తూ, పొట్టకుళ్ళు తెగులు తెచ్చే శిలీంధ్రాన్ని ఒంటిమీద మోస్తుంది. రైతు తొడుగు విప్పితే గోధుమరంగు మచ్చ కనిపిస్తుంది, భూతద్దం లేనిదే నల్లి కనిపించదు; కోతనాడు తాలు గింజలు, మచ్చ గింజలు కనిపిస్తాయి. స్టెనియోటార్సొనీమస్ స్పింకీ అనే ఈ జీవికి 1967లో పేరుపెట్టిన స్మైలీ దాన్ని చూసింది వరిమీద కూడా కాదు, లూసియానాలో ఒక దోమపురుగు ఒంటిమీద...

ప్రకృతమనుసరామః. పిండి గురించి కదా చెప్పుకుంటున్నాం.

పూర్వపక్షం: నల్లులుంటే నష్టమేమిటి? జర్మనీలోని వూర్ష్‌విట్జ్ గ్రామంలో జున్నును నల్లుల పెట్టెలో నెలల తరబడి మాగబెట్టి తింటారు, ఊళ్లో నల్లికి స్మారకం కూడా కట్టారు కదా? సమాధానం: అక్కడివాళ్లు నల్లులను తెలిసి కొంటారు. ఇక్కడ తెలియకుండా కొంటున్నారు. పైగా నల్లులు నిండిన పిండి పడక, దానితో చేసిన వంటకం తిన్న కాసేపటికే ఊపిరాడక ఆసుపత్రి పాలైనవారున్నారని వైద్యగ్రంథాలు చెబుతున్నాయి. పెనం మీద కాల్చినా ఆ దోషం పోదు. ఇది హాస్యానికి అందని విషయం.

భద్రపరచవలెను: ఈ క్రియకు కర్త లేడు. "కొన్నవాడు" అని అధ్యాహారం చేసుకోవాలి, సూత్రకారుడి చమత్కారమంతా ఇందులోనే ఉంది. మిల్లు గోడల పగుళ్లలో, గోనెసంచుల కుట్లలో, వాన కారే గోదాములో భద్రపరచవలసినవాడు వాక్యంలో ఎక్కడా లేడు. అకారస్ సిరో పిల్లల్లో కొన్ని, రోజులు బాగాలేనప్పుడు, నోరే లేని ఒక దశలోకి మారి, ఏ పురుగుకో అతుక్కుని మరోచోటికి వెళ్తాయి. మధ్యలో ఉన్న గోదామువాడికీ నోరు లేదు. పొట్లం ఇంటికి వచ్చేసరికి నల్లి అందులో ఉంటే, గాలి చొరబడని డబ్బా దానికి కాపలా కాయడానికే పనికొస్తుంది.

తాత్పర్యం: పిండి ముక్కితే తప్పు మీదే అని ముందుగానే రాసిపెట్టుకున్న వాక్యమిది. పొట్లం కట్టిన రోజున పిండిలో తేమ ఎంతో అంకె వేయించే దాకా పాఠకులు ఈ పని చేయవచ్చు. చెంచాడు పిండి నల్లటి పళ్లెంలో పోసి, చెంచా వెనుకభాగంతో నున్నగా అదమండి. పావుగంట ఆగి ఏటవాలు వెలుతురులో చూడండి. నున్నటి పైభాగం గరుకు తేలి, సన్నటి దారులు పడి ఉంటే, పిండినీ రసీదునూ పట్టుకుని దుకాణానికి వెళ్లండి.