సూర్యకాంతం అండర్ ప్లే

ఫిల్మ్ నగర్‌లో అభిమానానికి వాల్యూమ్ ఎక్కువ. పెద్దాయన పుట్టినరోజొస్తే జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర్నుంచి ఫ్లెక్సీలు లేవాలి. ఫంక్షన్‌లో ఎవరినైనా కౌగిలించుకోవాలంటే కెమెరా ఎటుందో చూసుకుని మరీ కౌగిలించుకోవాలి. నిన్నటిదాకా ఒకరి ముఖం ఒకరు చూసుకోనివాళ్లు మైకు అందగానే అన్నదమ్ములైపోవాలి. ఇక సినిమా లోపల సంగతి సరేసరి. హీరోకి హీరోయిన్ మీద ప్రేమ పుట్టిందని ప్రేక్షకుడికి తెలియడానికి నిర్మాత డాన్సర్లందరికీ స్విట్జర్లాండ్ వీసాలు తియ్యాలి.

ఇలాంటి పేటలో, అందులోనూ టైటిల్ కార్డులో పేరు పడకుండా ప్రేమ డైలాగులు రాసి బతికే నాలాంటి ఘోస్టు రచయిత ఇంట్లో ఒక పిల్లి కాపురముంటోంది. అభిమానం ఎంత ఉందో తెలియదు గానీ, ఉన్నదంతా అండర్ ప్లే. ఒక్క డైలాగు లేదు, ఒక్క కన్నీటిచుక్క లేదు, గ్లిజరిన్ ఖర్చు అసలే లేదు.

దానికి సూర్యకాంతం అని పేరు పెట్టింది మా ఆవిడ. ఆ పేరు వినగానే పాత సినిమాల గయ్యాళి అత్త, ఆమె నడుము మీద చెయ్యి, ఎడమ చేతి విసురు కళ్లముందుకొస్తాయి. ఆమె నటన చూసి జడిసి తెలుగువాళ్లు ఆడపిల్లలకు ఆ పేరు పెట్టడమే మానేశారని ఒక నానుడి. రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ ఉన్న 1962 నాటి సినిమాకి ఆమె పాత్ర పేరు మీద 'గుండమ్మ కథ' అని పెట్టారంటే ఆవిడ ముందు ఎవరైనా ఒకటే. కానీ సెట్‌లో ఆవిడ వేరు. ఇంట్లో వండిన పులిహోరలూ పిండివంటలూ కేరియర్లలో తెచ్చి యూనిట్ అందరికీ కొసరి కొసరి తినిపించేదని పాత తరం వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. పైకి గయ్యాళి, లోపల అన్నపూర్ణ. మా పిల్లికి ఇంతకన్నా తగిన పేరు ఇండస్ట్రీ మొత్తం గాలించినా దొరకదు.

మొదట ఎంట్రీ సీన్ చూద్దాం. బయటికి వెళ్తుంటే పిల్లి ఎదురొస్తే వెనక్కి తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి బయల్దేరాలని మన శాస్త్రం. సినిమావాళ్లకు ఆ శాస్త్రం మీద ఇంకాస్త గురి. ముహూర్తం చూడందే కొబ్బరికాయ కొట్టరు, గుమ్మడికాయ కొట్టందే షూటింగ్ ముగిసిందనరు. పిల్లి ఉన్న ఇంట్లో ఈ లెక్కన గుమ్మం దాటడమెట్లా? నేను చెప్పులేసుకున్న చప్పుడు వినిపిస్తే చాలు, సూర్యకాంతం ఎక్కడున్నా వచ్చి, తోక నిటారుగా లేపి, కొస కాస్త వంచి, సరిగ్గా గుమ్మానికి అడ్డంగా నిలబడుతుంది.

తమాషా ఏమిటంటే పిల్లుల లోకంలో అది నమస్కారం. కూనలు తల్లి దగ్గరికి పరుగెత్తేటప్పుడు తోక అలా లేపుతాయి. పెద్దయ్యాక తమకు నచ్చినవాళ్లు కనబడితే లేపుతాయి. అంటే ఎదురొచ్చి దణ్ణం పెట్టిన జీవిని చూసి మనం ఇన్ని తరాలుగా కాళ్లు కడుక్కుంటున్నామన్నమాట. ఈ ముక్క ఊరి నుంచి వచ్చిన మా అమ్మకు విడమరిచి చెప్పాను.

"అది అపశకునం కాదమ్మా, వెళ్లి రమ్మని చెబుతోంది."

"దాని మాట అది చెప్పింది. నా మాట విని నువ్వు కూర్చో."

కూర్చున్నాను. సూర్యకాంతం వచ్చి నా ప్యాంటుకి చెంప రాసింది. దీనికీ ఒక లెక్క ఉంది. పిల్లికి చెంపల దగ్గర, నుదుటి మీద, గడ్డం కింద, తోక మొదట్లో వాసన గ్రంథులుంటాయి. మన ముక్కుకు అందని ఆ వాసన పూసిందంటే మనల్ని తనవాళ్లలో కలిపేసుకున్నట్టు. ఈ కొండల మీద ఉన్నవాళ్లకు ఇది తేలిగ్గా అర్థం కావాలి. 1970ల్లో అక్కినేని బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్ కట్టేనాటికి ఇక్కడ ఉన్నవి బండరాళ్లూ తుప్పలూ. ఇప్పుడు ఖాళీ జాగా కనబడితే ముందు చుట్టూ గోడ, గోడ మీద ఎర్రరంగుతో 'ఈ స్థలము ఫలానావారిది' అని రాత. సూర్యకాంతం కూడా నా మోకాలి కిందిభాగం మొత్తాన్ని అలాగే తన పేర రాయించుకుంది. కాకపోతే ప్యాంటు ఉతికినప్పుడల్లా దస్తావేజు చెల్లదు గనక మర్నాడు మళ్లీ రిజిస్ట్రేషన్. ఇంత శ్రద్ధగా నన్ను కబ్జా చేసినవాళ్లు వేరే లేరు.

చూపుల దగ్గరికొద్దాం. మన హీరో కళ్లెర్రజేసి చూస్తే టాటా సుమోలు గాల్లోకి లేస్తాయి. అదే హీరో హీరోయిన్ని రెప్ప వెయ్యకుండా చూస్తే డ్యూయెట్ మొదలవుతుంది. పిల్లుల దగ్గర ఈ రెండో రకం చూపు లేదు. రెప్ప వాల్చకుండా చూడటమంటే కయ్యానికి కాలు దువ్వడమే. ఇష్టమైతే కళ్లు మెల్లగా సగం మూసి, మళ్లీ మెల్లగా తెరుస్తాయి. ఎదుట ప్రమాదం లేదన్న ధీమా ఉంటే గదా కళ్లు మూసుకునేది! ఇంగ్లండ్‌లో ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని పరీక్షించి 2020లో ప్రచురించారు. మనిషి తన పిల్లి వంక చూసి అలా నిదానంగా కళ్లార్పితే అదీ తిరిగి కళ్లు చిట్లిస్తుందట. ముక్కూమొహం తెలియని మనిషి చేసినా, చెయ్యి చాపితే దగ్గరికి వచ్చే అవకాశం పెరుగుతుందట.

చదివిన ఊపులో ఈ విద్యను కథాచర్చల్లో ఒక దర్శకుడి మీద ప్రయోగించాను. సెకండాఫ్ వివరిస్తున్నాడాయన. ఎంతో అభిమానంగా కళ్లు సగం మూసి, తెరిచి, మళ్లీ మూశాను. ఆయన కథ ఆపి, "బాగా నిద్రొస్తున్నట్టుంది గురువుగారూ, మీరు ఇంటికెళ్లండి" అన్నాడు.

చూపుల మర్మం తెలిశాక ఇంకో చిక్కుముడీ వీడింది. మా ఇంటికి ఒక నిర్మాత వచ్చేవాడు. పిల్లంటే ఆయనకు హడలు. సోఫాలో బిగుసుకుపోయి, దానివైపు చూడకుండా, పలకరించకుండా కూర్చునేవాడు. పిలిచి, బతిమాలి, చిటికెలు వేసే మమ్మల్ని వదిలేసి సూర్యకాంతం తిన్నగా వెళ్లి ఆయన ఒళ్లో ఎక్కేది. పాపం, దాని దృష్టిలో ఆ గదిలో మర్యాద తెలిసినవాడు ఆయనొక్కడే. గుడ్లప్పగించి చూడడు, పైనపడి ఎత్తుకోడు. నేను గంటసేపు కథ చెబుతుంటే ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. కథ పట్టేసిందనుకున్నాను. అయ్యాక, "బాగుందండీ, ముందు దీన్ని దింపండి" అన్నాడు.

గొంతు విషయంలో మాత్రం పిల్లి అండర్ ప్లే వదిలేస్తుంది. మేముండేది కేబీఆర్ పార్కుకి దగ్గర్లోనే. 1998లో నేషనల్ పార్కుగా ప్రకటించిన ఆ అడవి నిండా నెమళ్లు. తెల్లవారుజామున నెమలి అరిస్తే అచ్చం పిల్లి ఏడ్చినట్టే ఉంటుంది. మా ఆవిడ ఉలిక్కిపడి లేచి వంటింట్లోకి నడుస్తుంది. ఎలాగూ లేచారు గదా అని సూర్యకాంతం అప్పుడు అందుకుంటుంది. పెద్ద పిల్లులు వాటిలో అవి 'మ్యావ్' అనుకోవడం చాలా అరుదు. కూనగా ఉన్నప్పుడు తల్లిని పిలవడానికి వాడిన ఆ కూతను మనిషి కోసం దాచిపెట్టుకుంటాయి. తోక భాష, చెవుల భాష మనకు తలకెక్కడం లేదని కనిపెట్టి, మన కోసం అవి వదిలిన డబ్బింగ్ వెర్షన్ అది.

ఇక గుర్రుగుర్రు. హాయిగా ఉన్నప్పుడు చేసే గుర్రు ఒకటి, అన్నం అడిగేటప్పుడు చేసే గుర్రు ఇంకొకటి. 2009లో కారెన్ మెకోంబ్ అనే శాస్త్రవేత్త బృందం ఈ రెండో దాన్ని రికార్డు చేసి విడదీసి చూస్తే, గుర్రు అడుగున సన్నగా ఒక ఏడుపు దొరికింది. పసిబిడ్డ ఏడుపు స్థాయికి దగ్గరగా ఉండే కూత. పిల్లిని ఎన్నడూ పెంచనివాళ్లకు వినిపించినా, ఇందులో ఏదో తొందర ఉందని పసిగట్టారు. పైన లాలిపాట, కింద ఆకలికేక, రెండూ ఒకే ట్రాకులో. ఇలాంటి రీరికార్డింగ్ చెయ్యగలిగినవాడికి మా ఇండస్ట్రీలో అడిగినంత ఇస్తారు.

ఇంతకీ సూర్యకాంతం కళ్లకు నేనెవరిని? ఇదే తేలదు. రాత్రి పక్క మీదికి ఎక్కి, నా పొట్ట మీద ముందుకాళ్లు మార్చి మార్చి నొక్కుతుంది. పాలు తాగే రోజుల్లో తల్లి పొదుగును అలా నొక్కిన అలవాటు అది. పెద్దయినా మనసు హాయిగా ఉంటే పోదు. అంటే రాత్రిపూట నేను తల్లిని. తెల్లారితే కథ మారుతుంది. వాకిట్లో తోకలేని బల్లి, ఒక్కోసారి బొద్దింక, కార్తీకమాసం ఉపవాసం నాడైతే తప్పకుండా ఎలుక. పిల్లితల్లి వేట నేర్వని కూనలకు ఇలాగే తెచ్చిపెడుతుంది. ఇన్నేళ్లుగా ఇంట్లో కూర్చుని కాగితాలు నలుపుతున్నానే తప్ప ఒక్క ఎలుకనూ పట్టింది లేదు గనక, వీడు బతికేదెట్లా అని దానికి బెంగ పట్టుకుని ఉంటుంది. మా మామగారికీ అదే బెంగ. కానీ ఆయన ఎన్నడూ ఏమీ తెచ్చిపెట్టలేదు.

వైష్ణవులు మార్జాల కిశోర న్యాయమని ఒకటి చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే కరుచుకుని వేలాడాలి, పిల్లికూన ఏమీ చెయ్యక్కర్లేదు, తల్లే నోట కరుచుకుని కాపాడుకుంటుంది. దేవుడి దగ్గర జీవుడు కోతిపిల్లలా ఉండాలా, పిల్లికూనలా ఉండాలా అని వడగలై, తెంగలై శాఖల మధ్య శతాబ్దాల వాదం. మా ఇంట్లో ఆ వాదానికి మధ్యేమార్గం దొరికింది. సూర్యకాంతం రాత్రి కూన, పొద్దున తల్లి. నేను దానికి తగ్గట్టు ద్విపాత్రాభినయం.

అయినా దీన్ని ప్రేమంటారా అని గట్టిగా వాదించేవాళ్లున్నారు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వాళ్ల తరఫు వకీలు. "సార్, మీ పిల్లి మల్ల మూడో ఫ్లోర్ సార్ కారు మీద పండుకున్నది. ఆయన లొల్లి చేస్తుండు. గది ఎవల్ దిండి పెడితె ఆల్ల పిల్లే సార్, కుక్క లెక్క గాదు" అంటాడు. అతనికి నేను 2019 నాటి ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయ పరీక్ష చెప్పాను. కూనను కొత్త గదిలో పెట్టి, పెంచిన మనిషి కాసేపు ఉండి, కాసేపు వదిలి వెళ్లి, తిరిగొచ్చారు. నూటికి 64 కూనలు వచ్చిన మనిషిని పలకరించి, గుండె కుదుటపడి, మళ్లీ గది చూసుకోవడానికి వెళ్లిపోయాయి. పసిపిల్లల్లోనూ నమ్మకమైన అనుబంధం గుర్తు ఇదే. పలకరించి వెళ్లిపోవడం! మన సినిమాలో తప్పిపోయిన తమ్ముడు దొరికితే వయొలిన్లు ఒక రీలంతా ఏడుస్తాయి. పిల్లి ఒక్క చూపు చూసి, "వచ్చావా, సరే" అని తన పని చూసుకుంటుంది. నువ్వు మళ్లీ పోవన్న నమ్మకం లేనివాళ్లకే గదా వయొలిన్లు!

అదే ఏడాది జపాన్ పరిశోధకులు ఇంకోటి తేల్చారు. పిల్లి తన పేరును వేరే మాటల్లోంచి గుర్తుపడుతుంది. పిలిస్తే రాదేమిటని అడగొద్దు. పేరు తెలియడం వేరు, కాల్షీటు ఇవ్వడం వేరు.

తిండి కోసమే అన్న వాదానికి తెనాలి రామకృష్ణుడి పిల్లి ఎప్పుడో జవాబు చెప్పింది. రాయలవారు పిల్లినీ, దాన్ని పోషించమని ఆవునూ ఇస్తే, రామకృష్ణుడు మొదటిరోజే కాగే పాలు పెట్టి దాని మూతి కాల్చాడు. ఆపై పాలగిన్నె చూపిస్తే పారిపోయేది, పాలన్నీ ఆయన తాగాడు. మనం ఆయన తెలివికి ఇప్పటికీ నవ్వుతున్నాం. పిల్లి వైపు నుంచి కథ రాస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. తిండే సర్వమైతే చల్లారాక వచ్చి తాగేది. చెయ్యి మీద నమ్మకం పోయింది గనక రాలేదు. మొత్తానికి ఆ పిల్లికి పోయింది పాలు కాదు, మనిషి.

కాబట్టి నా అభిప్రాయం ఇది. నేను రాసే హీరోలు "నీ నుంచి నాకేమీ వద్దు, నీ ప్రేమ చాలు" అంటారు. ఆ డైలాగుకి ఈలలు పడతాయి, చెక్కు వస్తుంది, కాదనను. కానీ ఏ ఇంట్లోనూ ఎవరూ అలా మాట్లాడగా నేను వినలేదు. ఇళ్లల్లో అవసరమూ అభిమానమూ ఒకే గొంతులో వస్తాయి. "ఎప్పుడొస్తావు, వస్తూ కొత్తిమీర పట్టుకురా" అన్నదాంట్లో బెంగ ఎంత, కొత్తిమీర ఎంత అని తూచగలమా? పిల్లి గుర్రులోంచి ఏడుపును శాస్త్రవేత్తలు యంత్రం మీద విడదీశారు గానీ, పిల్లి విడదీయలేదు. ఆకలేస్తోందన్నా నువ్వంటే ఇష్టమన్నా దానికి ఒకే డైలాగు. అవసరం కలిసినంత మాత్రాన ప్రేమ కల్తీ కాదని, ఫిల్మ్ నగర్‌లో ఇన్నేళ్లుండి నేను సూర్యకాంతం దగ్గర నేర్చుకున్నాను.

నేర్చుకున్నది ఊరికే పోకూడదని, ఇది రాయడం ఆపి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "కాఫీ ఇస్తావా, నువ్వంటే నాకు ప్రాణం" అని ఒక్క గుక్కలో అన్నాను.

మా ఆవిడ వెనక్కి తిరగలేదు. "పాలైపోయాయండీ. ప్యాకెట్ పట్టుకొస్తే రెండూ నమ్ముతాను" అంది.