క్వాయ్ వంతెన దగ్గర దిగకండి

బ్యాంకాక్ వెళ్లే మనవాళ్ల ప్యాకేజీలో, క్వాయ్ వంతెన ఉన్న కాంచనబురికి దక్కేది ఒక్క పూట. ఏసీ వ్యానులో తీసుకెళ్లి, వంతెన మీద ఫోటో తీయించి, భోజనం పెట్టించి వెనక్కి తెస్తారు. ఆ వ్యానెక్కకండి. తొన్‌బురి స్టేషనుకు వెళ్లి మూడో తరగతి పాసింజరు ఎక్కండి. రోజుకు రెండే బళ్లు, ఫ్యాన్లే గతి, ఆలస్యం మామూలే. ఎంత ఆలస్యమైతే అంత మంచిది.

ఎందుకంటే 1942-43లో జపాన్ సైన్యం థాయ్‌లాండ్ నుంచి బర్మాకు వేయించిన 415 కిలోమీటర్ల దారిలో మిగిలిన ముక్క మీదే ఈ బండి నడుస్తుంది. ఆ పనిలో 12,000 మందికి పైగా యుద్ధఖైదీలు పోయారు. ఆసియా కూలీలైతే 90,000 దాకా పోయారని అంచనా. మలయా రబ్బరు తోటల నుంచి తోలుకొచ్చినవాళ్లలో తమిళులు ఎక్కువ, మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లు మోకాళ్ల లోతు బురదలో వేసిన దారిని హైవే మీద పక్కనుంచి దాటిపోవడం మర్యాద కాదు.

వానాకాలంలోనే వెళ్లండి. అందరూ డిసెంబరు అంటారు, వినకండి. 1943 వానల్లోనే పనిని తొందరపెట్టారు, కలరా ప్రబలిందీ అప్పుడే. నామ్‌తోక్‌లో పట్టాలు ఆగిపోతాయి. అక్కడి నుంచి బస్సులో హెల్‌ఫైర్ పాస్‌కు వెళ్లండి. రాత్రిళ్లు కాగడాల వెలుతురులో, సుత్తులతో ఉలులతో తొలిచిన కొండ అది. జారే రాళ్ల మీద తడుస్తూ నిలబడితే ఆ పని కొంతైనా ఒంటికి తెలుస్తుంది. డిసెంబరులో పొడిగా, హాయిగా ఉంటుంది, అందుకే వద్దంటున్నాను.

వంతెన దగ్గర దిగకండి. బండి ఎలాగూ దాని మీదుగానే మెల్లగా పోతుంది. క్వాయ్ వంతెన సినిమాలో మీరు చూసింది శ్రీలంకలో కట్టిన వంతెన. ఇక్కడి నదికి ఇప్పటి పేరు కూడా సినిమా వచ్చాక యాత్రికుల కోసం పెట్టిందే.

కాంచనబురి ఊళ్లోని యుద్ధశ్మశానంలో యుద్ధఖైదీల సమాధులు 6,982 ఉన్నాయి. పావుగంట చాలు. కఠినంగా ఉందా? వాళ్లకు ఫలకాలున్నాయి, పూలమొక్కలున్నాయి, వాటిని చూసుకునే తోటమాలులున్నారు. మిగిలిన పొద్దంతా వాట్ థావోర్న్ వరారామ్ ఆలయానికి ఇవ్వండి. అక్కడి శ్మశానంలో, ఊరూ పేరూ తెలియని కూలీల ఎముకల మీద కట్టిన స్మారకం ఉంది. దాని ముందు కూర్చుని తెలుగులో నాలుగు మాటలు పైకే మాట్లాడండి. మీ ఊరి పేరు చెప్పండి. ఎవరైనా వింతగా చూస్తే చూడనివ్వండి.

గుళ్లకు వేరే రోజు పెట్టుకోవద్దు. ఇదే దారిలో తా కిలెన్‌లో దిగి బండిని వదిలేయండి. దగ్గర్లోనే మువాంగ్ సింగ్ ఉంది. ఏడో జయవర్మ నాటి ఖ్మేర్ శైలిలో ఎర్రరాతితో కట్టిన మహాయాన ఆలయం. ఇక్కడ దొరికిన అవలోకితేశ్వరుడి ఒళ్లంతా చిన్న చిన్న బుద్ధులే. పక్క స్టేషను బాన్ కావో చుట్టుపక్కల, పట్టాలు వేస్తున్న ఖైదీల్లో ఒకాయన రాతియుగపు పనిముట్లు గుర్తుపట్టాడు. పేరు వాన్ హీకరెన్, డచ్ పురావస్తు శాస్త్రవేత్త. ఆకలితో, కాపలా మధ్య మట్టి మోస్తూ కూడా ఆ మట్టిని చదివాడు! యుద్ధం ముగిశాక తవ్వకాల కోసం మళ్లీ అక్కడికే వచ్చాడు. యుద్ధ స్థలాలనూ గుళ్లనూ విడివిడిగా చూడాలనేవాళ్లకు ఆయన కథ చెప్పండి.

తిరుగు ప్రయాణంలో నకోన్ పథోమ్‌లో దిగండి. గదికెళ్లి స్నానం చేసి, బట్టలు మార్చుకుని వద్దామనుకోవద్దు. భుజాలు కప్పుకోండి, చెప్పులు విప్పండి, చాలు. దాదాపు 120 మీటర్ల ఫ్రా పథోమ్ చేదీ ఎదురుగా ఉంటుంది. శిథిలమైన పాత స్తూపాన్ని లోపల ఉంచుకుని 19వ శతాబ్దంలో లేచిన కట్టడం. ఈ నేల ప్రాచీన ద్వారావతి రాజ్యం నాటి రాతి ధర్మచక్రాలకు పుట్టిల్లు. ఆ శిల్పం మీద మన అమరావతి ప్రభావం ఉందని కళాచరిత్రకారులు అంటారు. కూలీలుగా వచ్చినవాళ్ల కంటే ఎన్నో వందల ఏళ్ల ముందే మన ఉలి పనితనం ఇక్కడికి చేరిందన్నమాట. కాబట్టి ప్రదక్షిణం నిదానంగా చేయండి, ఆఖరి బండి పోతే పోనివ్వండి. స్తూపం దగ్గరి రాత్రి బజారులో తిని, అక్కడే గది తీసుకోండి. తిరుగు విమానం టికెట్టు మాత్రం రెండు రోజులు తర్వాతకు జరిపి కొనండి.