అరటి మొగ్గ నుంచి జేసీబీ దాకా

నిర్మల్ కళ గురించి ఎవరు మాట్లాడినా ఒక కథ తప్పకుండా వస్తుంది. నిజాం ప్రభువు ఊరికి వచ్చాడట. నకాషీలనే అక్కడి కళాకారులు అరటి నారతో ఓ మొగ్గ చేసి, ఆయన ఆసనానికి సరిగ్గా పైన వేలాడదీశారట. తాడు లాగగానే మొగ్గ విచ్చుకుని బంగారు రేకులు జలజలా ఆయన మీద రాలాయట. ప్రభువు మురిసిపోయాడట. నారను మొగ్గగా మడిచి, ఒక్క తాడుతో రెక్కలన్నీ విచ్చుకునేలా చేయడం ఆషామాషీ పనితనం కాదు. కానీ కథంతా విన్నాక మనకు మిగిలేది ప్రభువు మురిసిన సంగతొక్కటే. మొగ్గ చేసిందెవరు, బంగారం ఖర్చెవరిది, మర్నాడు ఆ రేకులను ఎవరు ఏరుకున్నారు? ఇవేవీ కథలో ఉండవు. కళ గొప్పదనడానికి మనం చూపించే రుజువు, అది ఎవరి నెత్తిన రాలిందన్నదే.

రాజులు పోయినా ఈ సిద్ధాంతం మాత్రం నిక్షేపంగా ఉంది. ఎవరైనా ఎన్నికల్లో గెలిచి ప్రమాణ స్వీకారం చేస్తే ‘పట్టాభిషేకం’ అని మన పత్రికలు మొహమాటం లేకుండా రాసేస్తాయి. తంతు కూడా అలాగే నడుస్తుంది. ఫ్లెక్సీకి పాలాభిషేకం, మెడలో గజమాల, నెత్తిన వెండి కిరీటం. అరటి మొగ్గ స్థానంలో జేసీబీ వచ్చింది. కాలువలో పూడిక తీసిన తొట్టితోనే నాయకుడి మీద బంతిపూలు కుమ్మరిస్తారు. ఇక కళాకారులు బయల్దేరతారు. ఒకరు బియ్యపు గింజ మీద, ఒకరు రావాకు మీద, ఇంకొకరు వాకిట్లో రంగుల ముగ్గులో ఏలినవారి ముఖం దింపుతారు. ప్రభుత్వం మారినా రావిచెట్టు మారదు. ఆకు మీద ముఖం మాత్రం మారుతుంది.

రాజాశ్రయం లేకపోతే కళలు బతికేవా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. నిజాం జమానాలో లేడీ హైదరీ నిర్మల్ పనివాళ్లను హైదరాబాద్‌కు రప్పించి పని చూపించారు. దాన్ని ఆశ్రయమంటే ఒప్పుకోవాలి. 2017 నుంచి సిరిసిల్ల మరమగ్గాలకు ఏటా బతుకమ్మ చీరల ఆర్డర్ వచ్చింది. అదీ ఆశ్రయమే. 2023 చివర తెలంగాణ గద్దె మీద మనిషి మారాడు, మరుసటేడు ఆర్డర్ ఆగింది, మగ్గాలూ ఆగాయి. ఆశ్రయం తీపీ చేదూ రెండూ ఇందులోనే ఉన్నాయి. ఇప్పుడు గింజ మీది ముఖం లెక్క చూడండి. రంగు కళాకారుడిది, రోజులు కళాకారుడివి, కళ్లజోడు నంబరు పెరిగేదీ కళాకారుడికే. బస్సు చార్జీ పెట్టుకుని పోయి, గేటు దగ్గర పడిగాపులు కాసి బొమ్మ అందిస్తే దక్కేది ఒక శాలువా, ఒక సెల్ఫీ. వెనకటి రాజు డబ్బిచ్చి పొగిడించుకునేవాడు, ఇప్పుడు కళాకారుడే డబ్బు పెట్టి పొగుడుతున్నాడు. దీన్ని రాజాశ్రయం అనకూడదు, రాజుకే కళాకారుడు ఆశ్రయమిస్తున్నాడనాలి. కరీంనగర్ వెండి తీగ పనికి 2007లో, ఆదిలాబాద్ డోక్రా లోహకళకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వెండి ధర దిగిరావడానికి ఆ కాగితం సరిపోదు. నిర్మల్ బొమ్మకు కావలసింది పొణికి కట్టె. ఫోటోలో ఎంత నవ్వినా పొణికి చెట్టు మొలవదు.

పట్టాభిషేకానికి కళాకారులు స్పందించడం లండన్‌లోనూ ఉంది కదా అనవచ్చు. ఉంది. 2023 మే 6న చార్లెస్‌కు కిరీటం పెట్టినప్పుడు పన్నెండు కొత్త సంగీత రచనలు చేయించారు. ఆస్థాన కవి సైమన్ ఆర్మిటేజ్ కూడా పద్యం రాశాడు. అందులో కథానాయకుడు రాజు కాదు, ఊరికి చేసిన సేవకు ఆహ్వానం అందుకుని ఆ వేడుకకు వచ్చిన ఓ మామూలు మహిళ. మరుసటేడు బయటికొచ్చిన, జొనాథన్ యో గీసిన రాజు చిత్రం ఒళ్లంతా ఎరుపు. అది నెత్తురా, నిప్పా అని జనం వాదించుకున్నారు. కొలువులో ఉన్నా కళ్లు తెరిచే చూశారన్నమాట. మన గింజ బొమ్మల్లో మీసం దువ్వుకున్నట్టే ఉంటుంది, చిరునవ్వు పోస్టర్‌లో ఉన్నంతే ఉంటుంది. గింజంత చోటులో ముఖం పడుతుంది గానీ అభిప్రాయం పట్టదు. అభిమానం తప్పా అంటే, కాదు. కానీ అభిమానానికి పోస్టర్ చాలు, చేయి తిరిగిన కళాకారుడు ఎందుకు?

ఇక పెద్ద వాదన: అతిథిని గౌరవించడం మన సంప్రదాయం, మీకేమిటి నొప్పి? సభల్లో అతిథి నెత్తిన పెట్టే గుస్సాడీ టోపీ సంగతి చూద్దాం. నెమలీకలు, అద్దాలు, మేక కొమ్ములు కూర్చిన ఆ కిరీటాన్ని గోండు యువకులు దీపావళి ముందు దండారీ పండుగ రోజుల్లో ధరిస్తారు. ఒంటికి బూడిద పూసుకుంటారు, దీక్ష ముగిసేదాకా స్నానం చేయరు, నేలమీదే పడుకుంటారు. ఆ రోజుల్లో గుస్సాడీ అంటే దేవుడి లెక్కే. చివరికి ముగింపు రోజైన కోలబోడినాడు పూజ చేసి టోపీ దించుతారు. ఎక్కడానికీ దిగడానికీ ఇన్ని కట్టుబాట్లున్న ఈ కిరీటానికి సభావేదిక మీద మాత్రం ఏ కట్టుబాటూ లేదు. పొద్దున షాంపూతో తలంటుకుని, ఏసీ కారు దిగిన పెద్దమనిషి నెత్తిన పెట్టి, కెమెరా క్లిక్కుమనగానే తీసేయవచ్చు. నిజమైన సంప్రదాయం పాటించాలనుకుంటే అతిథికి టోపీతోపాటు దీక్ష కూడా ఇవ్వాలి. వారం రోజులు నేల మీద పడుకోమంటే ఎంతమంది వేదికెక్కుతారో చూడాలి.

2024లో తెలంగాణ రాష్ట్ర చిహ్నంలో చార్మినార్, కాకతీయ తోరణం ఉండాలా, అవి రాచరికపు ఆనవాళ్లా అని పెద్ద రగడ జరిగింది. కదలని రాతి తోరణంతో పోట్లాడాం. చేతులు మారి నెత్తులెక్కే కిరీటం జోలికి ఎవరూ పోలేదు. తెలుగులో కిరీటాన్ని మకుటమనీ అంటాం, శతకంలో ప్రతి పద్యం చివరా వచ్చేదీ మకుటమే. గోదావరి ఒడ్డున ధర్మపురిలో శేషప్ప కవి నరసింహ శతకం రాస్తూ మకుటం ఎవరికి పెట్టాలో తనే తేల్చుకున్నాడు. ఏ దొరకూ పెట్టలేదు, ఊరి దేవుడికి పెట్టాడు. ఆనాడు ఈ గడ్డను ఏలిందెవరో చెప్పాలంటే చరిత్ర పుస్తకం తిరగేయాలి, శేషప్ప పద్యాలు మాత్రం బడిపిల్లలకు నోటికొస్తాయి. నిర్మల్ కథలోనూ అందరూ రాలిన రేకులనే లెక్కపెడతారు. తాడు నకాషీ చేతిలో ఉందన్న సంగతి ఎవరికీ పట్టలేదు, బహుశా నకాషీకి కూడా.